ఎండతో చెరిపి, వేడితో మళ్లీ రాసే ఉపరితలం: పాత సీడీ, గ్లూ గన్‌తో ఇంట్లో ఎలా చేయాలి

ఈ పని పూర్తయ్యేసరికి మీ చేతిలో రూపాయి బిళ్లంత జిగురు ముక్క ఒకటి ఉంటుంది. ఎండకి అటూ ఇటూ తిప్పితే దాని మీద ఇంద్రధనుస్సు రంగులు పరుగెడతాయి. భూతద్దంతో దానికి నాలుగైదు సెకన్లు ఎండ పట్టిస్తే, మీరు కోరుకున్న చోట మాత్రమే ఆ రంగులు మాయమవుతాయి. సీడీ మీద పెట్టి, వేడినీళ్ల గిన్నెతో నొక్కితే మళ్లీ వస్తాయి. అందులో ఎక్కడా రంగు పూయలేదు. ఆ రంగులన్నీ పైపొర మీద కంటికి కనపడని సన్నని చాళ్ల వల్ల వచ్చినవే. ఆ చాళ్లని వెలుగుతో చెరపడం, వేడితో తిరిగి తీర్చడం మనం చేయబోయే పని.

వెలుగు తగిలితే తన మీదున్న సూక్ష్మమైన ఆకారాలని మార్చుకునే పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులతో తయారైన, ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఉపరితలాల మీద ప్రపంచంలో చాలా ల్యాబులు పనిచేస్తున్నాయి. అక్కడ వాడే రసాయనాలు, లేజర్లు మనకి అందవు. నేను ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో సైన్సు ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. చాలామందికి ల్యాబ్ అంటే తాళం వేసున్న గది. అయినా ఈ విషయంలో అసలు కీలకం ఏమిటో చేత్తో పట్టుకుని చూసే దారి ఒకటి ఉందని వాళ్లతో కలిసి చేస్తున్నప్పుడే తెలిసింది. గుణుపురంలో ఉన్నా, కాశీనగర్‌లో ఉన్నా, సరిహద్దు దాటి పాతపట్నంలో ఉన్నా మీరు కూడా చేయొచ్చు. ఖర్చు నాలుగైదు వందలకి మించదు.

మొదలుపెట్టే ముందు పెరట్లోకి వెళ్లండి

చేమ ఆకు ఒకటి కోయండి. చెరువు దగ్గరుంటే తామరాకు ఇంకా మంచిది. దాని మీద ఒక నీటిబొట్టు వేసి ఆకుని వంచండి. బొట్టు ముత్యంలా గుండ్రంగా దొర్లిపోతుంది, ఆకు తడవదు. ఇప్పుడు ఆకులో సగాన్ని బొటనవేలితో గట్టిగా పదిసార్లు రుద్దండి. మళ్లీ బొట్టు వేయండి. రుద్దిన చోట నీళ్లు పరుచుకుని అంటుకుపోతాయి.

ఆకు మారలేదు, నీళ్లు మారలేదు. ఆకు మీద మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్కలో ఉండే బుడిపెలు, వాటి మీద ఇంకా సన్నని మైనపు నూగు నలిగిపోయాయి, అంతే. తామరాకు మీద నీటిబొట్టు అని మనం తరతరాలుగా అంటున్నాం. ఆ బొట్టు నిలవకపోవడానికి ఈ గరుకుతనమే కారణమని జర్మనీలోని బాన్‌లో విల్‌హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో వివరంగా చూపించారు. వస్తువు ఏ పదార్థంతో చేశారన్నది ఎంత ముఖ్యమో, దాని పైపొర ఏ ఆకారంలో ఉందన్నది కూడా అంతే ముఖ్యం. ఈ ఒక్క మాట పిల్లలకి ఆకు దగ్గరే అర్థమైతే, తర్వాత చెప్పేదంతా తేలిగ్గా ఎక్కుతుంది. అందుకే ఈ అడుగు దాటేయవద్దు.

కావలసినవి

పాత సీడీ ఒకటి కావాలి. షాపులో కొన్న పాటల సీడీ కంటే, మనం ఇంట్లో కాపీ చేసుకోవడానికి వాడిన సీడీ మేలు, ఎందుకంటే దాని చాలు మధ్యలో తెగకుండా సాగుతుంది. చిన్న గ్లూ గన్, 20 వాట్లది, సన్న జిగురు కడ్డీలతో తీసుకోండి. పెద్ద గన్ వద్దు, దాని జిగురు మరీ వేడిగా వస్తుంది. స్టిక్కర్లు ఊడదీశాక మిగిలే నున్నటి జారుడు కాగితం దాచుకోండి, జిగురు దానికి అంటుకోదు. ప్యాకింగ్ టేపు, బ్లేడు, నల్ల పర్మనెంట్ మార్కర్, ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న భూతద్దం, అడుగు చదునుగా ఉన్న చిన్న స్టీలు గిన్నె, బట్టల క్లిప్పులు, స్కేలు, ఎర్ర లేజర్ లైటు ఉంటే సరిపోతుంది. గిన్నె అడుగున గుంట గానీ అంచు గానీ ఉంటే పనికిరాదు. వంటింట్లో నాలుగు గిన్నెలు బోర్లించి చూసి ఒకటి ఏరండి.

మంచి ఎండ కావాలి. మా వైపు డిసెంబరు నుంచి మే దాకా ఇబ్బంది లేదు. ఉదయం పదిన్నర నుంచి రెండింటి మధ్య చేయండి. వానాకాలంలో మబ్బు చూసుకుని దిగండి, మధ్యలో మబ్బు కమ్మితే లెక్కలన్నీ తప్పుతాయి.

ఒకటో పని: సీడీ చాళ్లని బయటికి తీయడం

సీడీలో చాళ్లు ఎక్కడున్నాయో ముందు తెలుసుకోవాలి. మెరిసే వైపు చూసి అవి అక్కడే ఉన్నాయనుకుంటాం. కాదు. మెరిసే వైపు కనిపించేది 1.2 మిల్లీమీటర్ల మందం పాలికార్బనేట్ ప్లాస్టిక్, దాని బయటి ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది. చాళ్లు ఆ ప్లాస్టిక్‌కి అవతలి ముఖాన, పేరు రాసుకునే వైపు, పల్చటి లోహపు పొర కింద ఉంటాయి. మా పిల్లలు మొదటిసారి జిగురంతా మెరిసే వైపే పోశారు. చక్కగా ఊడివచ్చింది, కానీ ఒక్క రంగూ లేదు. అరగంట వెతికితే గానీ కారణం దొరకలేదు.

పేరు రాసే వైపు బ్లేడుతో అంచు నుంచి అంచుకి ఒక గీత గట్టిగా గీయండి. ఆ గీత మీద ప్యాకింగ్ టేపు అంటించి, గోటితో బాగా రుద్ది, ఒక్క ఊపున లాగండి. లోహపు రేకు టేపుతో పాటు లేచివస్తుంది. రెండు మూడు సార్లు చేస్తే దాదాపు మొత్తం ఊడిపోతుంది. నీలంగానో ఊదాగానో రంగు మిగిలితే, స్పిరిట్‌లో ముంచిన దూదితో నెమ్మదిగా కడిగి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ఆ ముఖాన్ని వేలితో ముట్టుకోకండి, చేతి జిడ్డు చాళ్లలో నిండిపోతుంది. ఏది ఏ వైపో తర్వాత తికమక పడకుండా, నున్నటి వైపు అంచున మార్కర్‌తో చిన్న చుక్క పెట్టుకోండి.

గోళ్ల రంగు పూసి ఊడదీస్తే అచ్చు రాదా అని అడుగుతారు. ఆకుల మీద వస్తుంది. సీడీ మీద వద్దు. అందులో ఉండే ద్రావకాలు పాలికార్బనేట్‌నే కరిగిస్తాయి. నేను అలా ఒక సీడీని పాలలా తెల్లగా చేసి పాడుచేశాను.

రెండో పని: చాళ్లు నిజంగా ఉన్నాయో లేదో కొలవడం

ఈ కొలత నాకు చాలా ఇష్టం. కంటికి కనపడని దూరాన్ని స్కేలుతో కొలిచామంటే పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు వేరు.

సీడీని రెండు పుస్తకాల మధ్య నిలువుగా నిలబెట్టండి. గోడకి సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. లేజర్‌ని సీడీకి సూటిగా, కుడి అంచు మధ్యభాగంలో పడేలా పట్టుకోండి. అక్కడ చాళ్లు నిలువుగా ఉంటాయి కాబట్టి గోడ మీద చుక్కలు అడ్డంగా పరుచుకుంటాయి. మధ్యలో ఒక పెద్ద చుక్క, దానికి రెండు పక్కలా దాదాపు 22 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో చుక్క కనిపించాలి. ఎవరి కళ్ల ఎత్తులోనూ లేజర్ ఉంచవద్దు. గదిలో అద్దాలు, మెరిసే గిన్నెలు తీసేయండి.

ఇప్పుడు లెక్క. మధ్య చుక్క నుంచి పక్క చుక్కకి దూరం 22.2 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. దాని వర్గాన్నీ, 50 వర్గాన్నీ కూడి వర్గమూలం తీస్తే 54.7 వస్తుంది. ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు (మైక్రాన్‌కి వెయ్యి నానోమీటర్లు). 650ని 54.7తో గుణించి 22.2తో భాగించండి. 1600 నానోమీటర్లకి దగ్గరగా తేలుతుంది. సీడీలో పక్కపక్క చాళ్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరులో 625 చాళ్లు. పొలంలో నాగటి చాళ్లలాగే ఊహించుకోమని చెబుతాను, కానీ మన వెంట్రుక మందంలో ముప్పై నలభై చాళ్లు పడతాయి.

డీవీడీ దొరికితే, దాని చాళ్లు రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటాయి కాబట్టి, రెండుగా చీల్చి దాన్ని కూడా కొలవండి. అందులో చాళ్ల దూరం 0.74 మైక్రాన్లే, కాబట్టి చుక్కలు చాలా దూరంగా పడతాయి. గోడని 20 సెంటీమీటర్లకి దగ్గర చేసినా పక్క చుక్క 36 సెంటీమీటర్లు దాటుతుంది. చాళ్లు దగ్గరయ్యేకొద్దీ చుక్కలు దూరమవుతాయన్న సంగతి అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో పని: జిగురు మీదకి అచ్చు తీయడం

గ్లూ గన్ వేడెక్కడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఈలోగా స్టీలు గిన్నెలో చల్లటి నీళ్లు పోసి పక్కన పెట్టుకోండి. సీడీని చాళ్ల వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. శనగగింజ అంత జిగురు చుక్క దాని మీద వేయండి, వెంటనే పైన జారుడు కాగితం నున్నటి వైపు కిందకి ఉండేలా కప్పి, చల్లనీళ్ల గిన్నెతో నిలువుగా నొక్కండి. తిప్పవద్దు, జరపవద్దు. ఒక నిమిషం అలాగే ఉంచండి. జిగురు పల్చగా, అర మిల్లీమీటరు మందాన రేకులా పరుచుకుంటుంది.

తర్వాత అయిదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే కుండనీళ్లలో ముంచండి. చల్లబడ్డాక అంచు పట్టుకుని నెమ్మదిగా లేపితే జిగురు రేకు ఊడివస్తుంది. సీడీకి తగిలిన ముఖాన్ని వెలుతురుకి తిప్పండి. రంగులు!

మొదటి రెండు మూడు ముక్కలు సరిగా రావు. బుడగలు వచ్చాయంటే జిగురు ఒక్క చుక్కగా కాక గీతలు గీతలుగా వేశారన్నమాట. రంగులు మధ్యలో ఉండి అంచున లేకపోతే నొక్కడం ఆలస్యమైంది. ఇలాంటి రేకులు కనీసం నాలుగు తయారుచేయండి. ఎందుకు నాలుగో కింద చెబుతాను.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరు. ఒకసారి కొమ్ము పని చేసే పెద్దాయన పక్కన కూర్చుని చూశాను. గేదె కొమ్ము ముక్కని నిప్పుల మీద అటూ ఇటూ తిప్పుతూ కాస్త కాస్త వేడి చేశారు. ఎప్పుడు చాలో చేత్తోనే తెలుస్తుంది ఆయనకి. మెత్తబడగానే రెండు వేళ్లతో మెడ వంపు తిప్పి, అలాగే బిగపట్టి ఉంచారు. చల్లారేసరికి కొంగ మెడ నిలిచిపోయింది. "వేడి మీద ఉన్నప్పుడు అది మన మాట వింటాది మాస్టారూ, చల్లారితే దాని మాటే మనం వినాల" అన్నారు. కొమ్ము కూడా పాలిమరే, కెరటిన్ అనే ప్రోటీన్. మన జిగురు రేకు కూడా వేడిలో సీడీ చెప్పిన మాట విని, చల్లారాక ఆ ఆకారాన్ని పట్టుకుంది. ఆయన వంపు అంగుళాల్లో ఉంది, మనది మైక్రాన్లలో. ఆ మాట చెబితే పిల్లలకి పాలిమర్ అంటే ఏమిటో పుస్తకంలో కంటే బాగా తెలుస్తుంది. ఈ ఊళ్లోనే బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు మనుషులు మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని పోరాడారు. సైన్సుకి కూడా అది వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

నాలుగో పని: వెలుగుతో చెరపడం

అసలు పని ఇది. తొందరపడకండి.

ఒక రేకు తీసుకుని, చాళ్లు లేని వెనక ముఖం మీద నల్ల మార్కర్‌తో ఒక మందపాటి గీత గీయండి. చాళ్ల వైపు గీయవద్దు, సిరా చాళ్లని నింపేస్తే రంగులు వెలుగు వల్ల పోయాయో సిరా వల్ల పోయాయో తేలదు. గీత ఆరనిచ్చాక చూడండి, ముందువైపు రంగులు చెక్కుచెదరకుండా ఉండాలి. ఇంకా మెరుగ్గా కనిపిస్తాయి కూడా, వెనక నలుపు ఉంది కాబట్టి.

రేకు అంచులని రెండు బట్టల క్లిప్పులతో పట్టి, గాలిలో నిలిచేలా ఇటుకల మధ్య పెట్టండి. చాళ్లు సూర్యుడి వైపు ఉండాలి. కింద, వెనక ఎక్కడా కాగితాలు, ఎండుటాకులు ఉండకూడదు. పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి.

ముందు మీ భూతద్దం ఎంత దూరంలో ఎండని ఒక్క చుక్కగా చేస్తుందో నేల మీద చూసి కొలవండి. అది 15 సెంటీమీటర్లు అనుకుందాం. రేకుని ఆ చుక్క దగ్గర పెట్టకూడదు, క్షణంలో కరిగి కారిపోతుంది. అద్దానికి 10 సెంటీమీటర్లలో పెట్టినా, 20 సెంటీమీటర్లలో పెట్టినా రేకు మీద రెండు సెంటీమీటర్ల వెలుగు వలయమే పడుతుంది. కానీ ఎప్పుడూ 20 దగ్గరే పెట్టండి. 10 దగ్గర పెడితే రేకుని దాటిన వెలుగు వెనక అయిదు సెంటీమీటర్లలో చుక్కగా కలిసి ఏదో ఒకటి కాలుస్తుంది. 20 దగ్గరయితే చుక్క రేకుకి ముందే ఏర్పడి, వెనక్కి వెళ్లేకొద్దీ విచ్చుకుపోతుంది. అద్దానికీ రేకుకీ మధ్య మాత్రం చెయ్యి పెట్టకండి. నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ వలయాన్ని అదేపనిగా చూడకండి. అద్దం పెద్దవాళ్లే పట్టుకోవాలి.

ఆరు సెంటీమీటర్ల అద్దం మీద పడ్డ ఎండ రెండు సెంటీమీటర్ల వలయంలోకి చేరింది. వెడల్పు మూడో వంతు అయితే వైశాల్యం తొమ్మిదో వంతు. అంటే మామూలు ఎండకి దాదాపు తొమ్మిది రెట్లు. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు తెస్తుంది కాబట్టి, ఆ వలయంలో రెండున్నర వాట్లకి పైగా పడుతోంది. తెల్లటి జిగురు అందులో కొద్దిగానే పీల్చుకుంటుంది. నల్ల గీత దాదాపు అంతా పీల్చుకుంటుంది.

వలయం గీత మీద సగం, గీత లేని చోట సగం పడేలా పట్టుకుని లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... నాలుగైదు అంకెల దగ్గర గీత పొడవునా రంగులు మసకబారి, ఒక్కసారిగా పోతాయి. వెంటనే అద్దం తప్పించండి. పక్కనే, అంతే ఎండ తగిలిన చోట రంగులు అలాగే ఉంటాయి.

ఎందుకు పోయాయి? ఈ జిగురు సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మెత్తబడ్డ ఏ పదార్థమైనా తన పైముఖాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది, నీటిబొట్టు గుండ్రంగా అవడానికి కూడా కారణం అదే, తలతన్యత. చాళ్లు ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా చదునవుతాయి. అందుకే రేకు కరిగి కారకముందే, దాని ఆకారం కాస్తయినా మారకముందే, చాళ్లు పోతాయి. వెనక పుట్టిన వేడి అర మిల్లీమీటరు మందం దాటి ముందుకి రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అంత సమయంలో అది పక్కలకి కూడా అర మిల్లీమీటరు పాకుతుంది. కాబట్టి రేకు ఎంత పల్చగా ఉంటే గీత అంచు అంత పదునుగా వస్తుంది. మందపు రేకులో అంచు అలుక్కుపోయినట్టు ఉంటుంది.

నాలుగు రేకులు ఎందుకంటే

గీత ఉన్న రేకుకి ఎండ పట్టించి రంగులు పోయాయి అంటే అది సగం రుజువే. రెండో రేకుకి గీత లేకుండా అంతే సేపు అంతే ఎండ పట్టించండి, రంగులు ఉండాలి. మూడో రేకుకి గీత గీసి నీడలోనే ఉంచండి, రంగులు ఉండాలి. నాలుగో రేకుని పొగలు కక్కే వేడినీళ్లలో పది సెకన్లు ముంచండి, రంగులు మొత్తం అంతటా పోవాలి. నాలుగింటినీ ఒక అట్ట మీద వరసగా అంటించి, కింద తేదీ, సెకన్లు, ఎండ ఎలా ఉందో రాయించండి. నేను పిల్లలతో ఈ పని చేయించకుండా ఇంటికి పంపను. నాలుగో రేకు చెప్పేది మరీ ముఖ్యం. వేడినీళ్లు కూడా చెరపగలవు, కానీ ఎక్కడ చెరపాలో వాటికి తెలియదు. వెలుగు చోటుని ఎంచుకోగలదు.

అయిదో పని: మళ్లీ రాయడం

చెరిగిపోయిన రేకుని సీడీ చాళ్ల మీద, చెరిగిన ముఖం కిందకి ఉండేలా పెట్టండి. పైన జారుడు కాగితం, దాని మీద మరుగుతున్న నీళ్లు పోసిన గిన్నె. రెండు నిమిషాలు గుడ్డ పట్టుకుని గట్టిగా అదమండి. ఆ నీళ్లు పారబోసి చల్లటివి పోసి మరో రెండు నిమిషాలు అదమండి. ఫ్రిజ్‌లో పెట్టి ఊడదీస్తే రంగులు తిరిగి వస్తాయి. పాలికార్బనేట్ 147 డిగ్రీల దాకా మెత్తబడదు, నీళ్లు 100 దాటవు. అందుకే అచ్చు చెడదు, ఒకే సీడీతో ఎన్నిసార్లయినా చేయొచ్చు. మార్కర్ గీత కాస్త పాకి మసకబారితే స్పిరిట్‌తో తుడిచి కొత్తది గీయండి.

డీవీడీని రెండుగా చీల్చగలిగితే ఇంకో పని ఉంది. సీడీ చాళ్లున్న రేకుని చెరిపి, డీవీడీ చాళ్లతో తిరిగి రాయండి. రెండింటినీ పక్కపక్కన ఒకే కోణంలో పట్టుకుంటే రంగులు వేరే చోట కనిపిస్తాయి. అదే జిగురు, వేరే చాలు, వేరే రంగు.

ల్యాబుల్లో జరిగేది ఇది కాదు, ఎందుకో చెప్పండి

మన రేకులో వెలుగు ముందు వేడిగా మారింది, వేడి చాళ్లని చెరిపింది. పిల్లలకి ఇది దాచకుండా చెప్పాలి. పరిశోధనల్లో వాడే పాలిమర్లలో చాలావాటిలో అజోబెంజీన్ అనే అణువు ఉంటుంది. రెండు బెంజీన్ వలయాలు, వాటి మధ్య జంటబంధంతో రెండు నైట్రోజన్ పరమాణువులు. చేతులు బార్లా చాపిన మనిషిలా నిటారుగా ఉండే రూపం ఒకటి, మోచేతి దగ్గర వంగినట్టుండే రూపం ఇంకొకటి. ఆ వంగిన రూపం ఉందని జి.ఎస్. హార్ట్లీ 1937లో కనిపెట్టారు. అతినీలలోహిత కిరణాలు తగిలితే అణువు వంగుతుంది, కొసల మధ్య దూరం 0.9 నానోమీటర్ల నుంచి 0.55 దాకా తగ్గుతుంది. నీలి వెలుగులో గానీ, చీకట్లో వదిలేస్తే గానీ మళ్లీ సాగుతుంది. కొన్ని రంగు అణువుల్లో ఒకే ఆకుపచ్చ వెలుగు రెండు పనులూ చేయించి, అణువుని ఆపకుండా వంచి సాపు చేస్తూనే ఉంటుంది.

ఇలాంటి అణువులు కట్టిన పాలిమర్ పొర మీద రెండు లేజర్ కిరణాలని కలిపి వెలుగు చారలు పడేలా చేస్తే, గది వేడిలోనే, పాలిమర్ మెత్తబడే వేడికి చాలా కిందే, పదార్థం కదిలి వందల నానోమీటర్ల ఎత్తున చాళ్లు లేస్తాయని 1995లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. కెనడాలో పాల్ రోషన్, అల్మేరియా నాటాన్‌సన్‌ల బృందం ఒకటి. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం లోవెల్ ప్రాంగణంలో సుకాంత్ త్రిపాఠి, జయంత్ కుమార్‌ల బృందం రెండోది. పేర్లు చదివినప్పుడు పిల్లలు ఒకసారి ఆగి మళ్లీ చదివారు.

ఇంకో తేడా ఉంది. వెలుగు ఏ దిశలో ఊగుతోందో ఆ అణువులకి తెలుస్తుంది. గుండ్రటి సూక్ష్మ స్తంభాల మీద ఒకే దిశలో ఊగే వెలుగు వేస్తే, అవి ఆ దిశలోనే సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. దిశ తిప్పితే సాగే వైపు కూడా తిరుగుతుంది. మన నల్ల గీతకి ఆ తెలివి లేదు. వెలుగుకి ఇలాంటి దిశ ఉంటుందని చూపాలంటే క్యాలిక్యులేటర్ తెరని పోలరాయిడ్ కళ్లద్దాల్లోంచి (ఒకే దిశలో ఊగే వెలుగుని మాత్రమే రానిచ్చేవి) చూస్తూ అద్దాలని నెమ్మదిగా తిప్పించండి. ఒక చోట అంకెలతో సహా తెరంతా నల్లబడుతుంది. ఇలా ఆకారం మార్చుకునే పొరల మీద నీటిబొట్టు ఏ వైపు జారాలో నిర్ణయించవచ్చు, జీవకణాలు ఏ వైపు సాగి పెరగాలో దారి చూపవచ్చు. కణాలు చాళ్ల వెంటే సాగుతాయి.

బడి ల్యాబ్‌లో ఉండే మిథైల్ ఆరెంజ్ కూడా అజో కుటుంబపు రంగే. అలాగని దాన్ని జిగురులో కలిపితే ఇది జరుగుతుందనుకోకండి, జరగదు. అజోబెంజీన్ ఆరోగ్యానికి మంచిది కాదు, ఆన్‌లైన్‌లో దొరికినా ఇంటికి తెప్పించవద్దు.

అక్షరాలు రాసేటప్పుడు

గీతలు వచ్చాక పిల్లలు పేర్లు రాస్తామంటారు. రాయనివ్వండి, కానీ రెండు సంగతులు ముందే చెప్పండి. వెనక రాస్తాం, ముందు నుంచి చూస్తాం కాబట్టి అక్షరాలు తిరగేసి రాయాలి. కాగితం మీద రాసి, కిటికీకి పెట్టి వెనక నుంచి కనిపించేదాన్ని చూసి దించుకోవడం తేలిక. గీతకీ గీతకీ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే వేడి పాకి రెండూ కలిసిపోతాయి.

మా దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి పెద్ద రేకు వెనక తెలుగులో "వెలుగు" అని, దాని కింద ఒడియా లిపిలో "ఆలొక" అని రాసింది. ఎండ పట్టించాక తెలుగులో "వె" ఒక్కటే చదవడానికి వచ్చింది, మిగతావి గుండ్రాల లోపలి ఖాళీ కూడా చెరిగి మచ్చలైపోయాయి. ఒడియా అక్షరాల తలకట్లు గుండ్రంగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కదా, అవన్నీ కలిసి ఒకే పట్టీ అయ్యాయి. ఆ అమ్మాయి రేకుని సీడీ మీద పెట్టి, వేడినీళ్ల గిన్నెతో అదిమి మొత్తం మళ్లీ తీర్చింది. ఈసారి ఒక్క అక్షరమే, రెండు సెంటీమీటర్ల ఎత్తున, సన్న మార్కర్‌తో రాసి, "అయిదు కాదు మాస్టారూ, మూడు లెక్కపెట్టి తీసేద్దాం" అంది. మూడుకి తీశాం. వచ్చింది.